సిస్టర్‌కు గాజులు

లాడ్ బజార్‌లో కొన్న గాజుల పెట్టెతో చార్మినార్ దగ్గర బస్సెక్కాను. పిల్లల ఆసుపత్రిలో, గుండె వార్డులో ఉన్న నా కూతురు తెమ్మంది. నాకు కాదు, నర్సుకట. ఆమె స్టెతస్కోపును అరచేతిలో వెచ్చచేసుకున్నాకే ఛాతీకి ఆనిస్తుందట. నా చేతులేమో చల్లగా ఉంటాయట.

పక్క సీటావిడ దగ్గర ఆ అక్కసంతా వెళ్లగక్కాను. ఒళ్లో నిద్రపోతున్న కొడుకును సర్దుకుంటూ ఆమె నవ్వింది.

"మావోడు గూడ గంతే అక్కా. ఆపరేషనై ఇంటికొచ్చినా సిస్టర్ కావాలని ఒకటే లొల్లి."

"నీకు కోపం రాదా?"

"లొల్లి ఇంట్లనే గదా అక్కా చేస్తుండు."

అంతవరకు నర్సు మీదున్న అసూయ ఆమె మీదికి మళ్లింది. దిగేదాకా ఆమె ఒళ్లోని పిల్లాణ్నే చూస్తూ కూర్చున్నాను.

ఇప్పుడు నా కూతురు మా ఇంట్లో అదే లొల్లి చేస్తుంది. నాకు ఒళ్లు మండుతుంది. ఒక్కసారి కూడా ఊరుకోమనలేదు.