డెక్కు మీద అత్తగారి చెప్పులు

పోయిన ఏడాది చెన్నై నుంచి ఓడలో విహారయాత్రకు వెళ్లాం. రెండో రోజు అమావాస్య. భోజనాల హాలు నిండా వంటలున్నా, కాకికి పెట్టందే మా అత్తగారు మెతుకు ముట్టరు.

"నడిసముద్రంలో కాకి ఎక్కణ్ణించి వస్తుంది అత్తయ్యా? మీతో వేగలేను" అన్నాను. ఆమె పళ్లెం పట్టుకుని లేచిపోయారు.

ఎంతకీ రాకపోయేసరికి డెక్కు మీదికి వెళ్లాను. రెయిలింగు పక్కన గుప్పెడన్నం, ఆమె చెప్పులు ఉన్నాయి. మనిషి లేదు. ఏడుస్తూ సిబ్బంది కోసం పరుగెత్తాను.

దారిలో మ్యాజిక్ షో హాలు. ముందు వరసలో ఒట్టి కాళ్లతో అత్తగారు.

"చెప్పులేసుకుని పెద్దలకు పెడతారా ఎవరన్నా? విడిచి, ఆడనే మర్చిపోయినాను. ఏమట్లా చూస్తావు, కూర్చో" అన్నారు.

పక్కనే కూర్చున్నాను. ఆమె చెయ్యి పట్టుకుని, షో అయ్యేదాకా వదల్లేదు.