తువ్వాల కింద బేరం

పోయిన వారం తిరుపతిలో, చనిపోయిన మా పక్కింటాయన పెద్దకర్మ, మా పక్క కర్మంతరం అంటారు. పదో తరగతి చదివే కొడుక్కి మేనమామ తలపాగా చుట్టి, "ఇంక ఈ ఇంటికి నువ్వే పెద్దప్పా" అన్నాడు. పాగా కండ్ల మీదికి జారింది. వాడు దాన్ని సర్దుకోకుండా, పక్కనున్న నా చూపుడువేలు పట్టుకున్నాడు.

పన్నెండేండ్లకే నేను చిత్తూరు మండీ వ్యాపారి చేత మూడు చెరువుల నీళ్లు తాగించినానని మనవళ్లకు చెప్తా ఉంటాను. ఆ కథలో లేని మీసం దువ్వుతాను, కడాకు వ్యాపారి నాకు దండం పెడతాడు. దండం మొన్న మొన్ననే చేర్చినాను. జరిగింది వేరే. నాయన కర్మంతరమైన మర్నాడే మా మామిడితోట కాపు కొనేదానికి ఆ వ్యాపారి వచ్చినాడు. అది మంచి ధరకు పోతేనే అక్క చదువు నిలబడేది, లేకుంటే బడి మానాల్సిందే. ఆడోళ్లు బేరానికి కూర్చోని రోజులు. అమ్మ, ముందురోజు నాకు కట్టిన నాయన పాగానే మళ్లీ నా తలకు చుట్టి, ముందుకు తోసి, తలుపు చాటున నిలబడింది. మా పక్క బేరం నోటితో ఆడరు. తువ్వాల కింద చేతులు పెట్టి, ఎదుటివాడి వేళ్లు పట్టుకుని ధర చెప్పుకుంటారు. నాయన పక్కన కూర్చుని ఎన్నోసార్లు చూసినాను గానీ, చూసింది పైనున్న తువ్వాలనే గదా.

ఆయన తన తువ్వాల పరిచి, నా వేళ్లు మూడు పట్టుకున్నాడు. ఏం చేయాల్నో తెలీక ఆయన చూపుడువేలు గట్టిగా పట్టుకున్నాను, సంతలో నాయన వేలు పట్టుకున్నట్టు. ఆయన నాలుగు పట్టినాడు, మళ్లీ రెండు పట్టినాడు. నేను వదిలితే గదా. ఒక వేలంటే నూరో వెయ్యో, నేను అడగతా ఉండానో ఇస్తా ఉండానో నాకే తెలీదు. ఆయన "వదులు నాయనా" అని, ఎవరూ చేయని పని చేసినాడు: తలుపు వైపు తిరిగి ధర పైకే చెప్పినాడు. లోపల్నించి అమ్మ సరేనంది. అక్క చదువు ఆగలేదు. ఆ ధర ఆయన జాలిపడి పెంచినాడో, అదను చూసి తగ్గించినాడో ఈ పొద్దుటికీ తెలీదు. మా వాడు గట్టోడని మాత్రం ఊరంతా చెప్పి, ప్రతి కాపుకీ నన్నే కూర్చోబెట్టింది అమ్మ.

"తాతా, ఈ పాగా ఎప్పుడు తీయొచ్చు?" అనడిగినాడు పక్కింటి పిల్లోడు మెల్లగా.

"అన్నానికి కూర్చునేటప్పుడు తీసెయ్ రా" అన్నాను, అన్నీ తెలిసినోడి మాదిరి. నాది ఎప్పుడు తీసినారో, అసలు తీసినారో లేదో, ఇన్నేండ్లు వెనక్కి పోయి వెతికినా గుర్తుకు రాలేదు.