సవరణకు వదిలిన జాగా

అన్న పోయాడని ఫోన్ వచ్చినప్పుడు నేను ఉప్పల్ చౌరస్తాలో బస్సు కోసం నిలబడి ఉన్నాను. మా ఫ్యాక్టరీ ప్రెస్సు షాపు నుంచి ఒక ఆపరేటర్ చేశాడు. మా ఫోర్‌మన్‌ను అక్కడ అందరూ అన్న అనే పిలుస్తారు. "సార్, అన్న ఇగ లేడు. పొద్దుగాల చాయ్ తాగుకుంట గట్లనే ఒరిగిండంట," అన్నాడు. ఎక్కాల్సిన బస్సు వచ్చింది, నా ముందు నుంచే వెళ్లిపోయింది. కొత్త రాష్ట్రం వచ్చి అప్పటికి నెల కూడా కాలేదు. చౌరస్తాలో కట్టిన తోరణాలు ఇంకా విప్పలేదు. ఆటో మాట్లాడుకుని నాచారంలో ఆయన ఇంటికి వెళ్లాను.

ఆటో గల్లీ మొదట్లోనే ఆగిపోయింది. అంత జనం. మా కంపెనీ వాళ్లు, పక్క షెడ్ల వాళ్లు, మందుల కంపెనీల వాళ్లు, ఉప్పల్లో నెట్ కేఫ్ నడిపే మనిషి, ఎప్పుడో రిటైరైపోయిన వెల్డర్లు. ఆ జనాన్ని చూడగానే, ఏడుపు కంటే ముందు నాకొచ్చిన ఆలోచన ఇది: నేను పోతే ఇందులో సగం మందైనా వస్తారా? పోయిన మనిషి మీద కూడా అసూయ పడగలనని ఆ రోజే తెలిసింది. బతికుండగా ఎంత పడ్డానో చెప్పనక్కర్లేదు. ఆ సంగతి దాచిపెట్టి ఆయన మంచితనం గురించి మాత్రమే రాస్తే, ఆయనే ఒప్పుకోడు.

వాకిట్లో చాప మీద పడుకోబెట్టారు. అందరూ మొహం చూస్తున్నారు. నేను చేతులు చూశాను. అది మా షాపు అలవాటు. రేకును ఒక్క దెబ్బకు కోసే పవర్ ప్రెస్సులు మావి. వేళ్లు పోగొట్టుకున్నవాళ్లను మేమందరం చూశాం. అన్న ఫోర్‌మన్ అయిన రోజు నుంచి ఒక పద్ధతి పెట్టాడు. షిఫ్టు మొదలయ్యే ముందు, అయిపోయాక అందరూ వరసగా నిలబడి రెండు చేతులూ ముందుకు చాపాలి. నాలాంటి క్వాలిటీ ఇన్‌స్పెక్టరైనా సరే, షాపులో అడుగుపెడితే చాపాల్సిందే. ఒక్కొక్కరి ముందూ ఆగి, చూసి, "పదికి పది" అని కదిలేవాడు. చివర తన చేతులు కూడా చాపి మాకు చూపించేవాడు. ఆ రోజూ ఆయనవి పదికి పది ఉన్నాయి. కుడి చూపుడు వేలి మీద మాత్రం అడ్డంగా ఒక తెల్లటి గీత.

మాది చీరాల. ఇంటి నుంచి సైకిలు మీద అరగంట తొక్కితే సముద్రం. చిన్నప్పుడు సెలవంటే గాలం, తాడు, రొయ్య ఎర, అంతే. అన్నది జనగామ అవతల పల్లె. ఆయన చూసిన పెద్ద నీళ్లంటే వాళ్ల ఊరి చెరువు. అయినా మా షాపులో సముద్రమంటే ఆయనే. నా కడుపుమంట అక్కడ మొదలైంది.

నేను చేరిన కొత్తలో ఇంగ్లండు నుంచి ఒక పెద్ద ప్రెస్సు వచ్చింది. దాన్ని బిగించడానికి వచ్చిన మెకానిక్ నెల రోజులున్నాడు. ఆయనకు రెండే పిచ్చులు, సముద్రంలో గాలం వేయడం, చెవులు దద్దరిల్లే హెవీ మెటల్ సంగీతం వినడం. ఇంగ్లీషు అంతంత మాత్రంగా వచ్చే మా అన్నకు, తెలుగు ఒక్క ముక్క రాని ఆ మనిషికి ఎలా కుదిరిందో తెలియదు. వెళ్లేటప్పుడు ఆయన వాక్‌మన్, అరడజను క్యాసెట్లు, వాళ్ల ఊరి పేపర్లోంచి కత్తిరించి దాచుకున్న సముద్రపు గాలం వార్తల కట్ట అన్నకిచ్చి వెళ్లాడు. నేనూ అదే షాపులో ఉన్నాను. సముద్రం ఒడ్డున పుట్టినవాణ్ణి. నాకు షేక్‌హ్యాండ్ ఇచ్చాడు.

డిక్షనరీ పక్కన పెట్టుకుని అన్న ఆ కట్టంతా చదివాడు. ఆ వార్తల్లో ఏముంటుంది? ఫలానా తీరంలో ఫలానా మనిషి ఫలానా చేప పట్టాడు, గాలి ఇటు వీస్తోంది, అంతే. ఇందులో ఏం కనిపించిందని అడిగాను ఒకసారి.

"పేరు తమ్మి, పేరు!" అన్నాడు. "ఒగాయన బస్సు డ్రైవరు. ఇంకొగాయన గోడలకు సున్నమేస్తడు. చేప పట్టిన్రని పేపర్ల పేరేసిన్రు. మనం దినాం గింతమందిమి గిన్ని పీసులు గొడ్తం, మన పేరు యాడన్న రాసిన్రా?"

కట్ట అయిపోయాక ఆదివారాలు ఉప్పల్ నెట్ కేఫ్‌కు వెళ్లడం మొదలుపెట్టాడు. సోమవారం పొద్దున ప్రొడక్షన్ బోర్డు మీద, ఆ వారం కొట్టాల్సిన పీసుల పక్కన, సుద్దముక్కతో సముద్రం వార్తలు. బోర్డు పైభాగంలో జానెడు జాగా ఎప్పుడూ ఖాళీగా వదిలేవాడు. "తప్పు రాస్తం గద, దిద్దుటానికి జాగా ఉండాలె," అనేవాడు. ఆ జాగాలో "సవరణ" అన్న మాట నెలకోసారైనా కనిపించేది.

మధ్యాహ్నం డబ్బాలు విప్పినప్పుడు నేను మా తీరం కబుర్లు ఎత్తుకుంటే ఎవరూ తల ఎత్తేవాళ్లు కాదు. అన్న నోరు తెరిస్తే నమలడం ఆపేవాళ్లు. వానలో పొద్దంతా నిలబడి ఒకాయన ఇంత సొరచేపను పట్టి, ఫొటో దిగి, మళ్లీ నీళ్లలోనే వదిలేశాడన్న వార్త మీద మా షాపు మూడు రోజులు వాదించుకుంది. "పట్టి ఇడుస్తరా? గదేం పనే!" అని ఒకరు, "ఆయన పేరొచ్చింది గద, కూర ఎందుకిగ?" అని ఇంకొకరు. నేను నిజంగా సొరను ముట్టుకున్నవాణ్ణి. నన్ను ఒక్కడూ ఏమీ అడగలేదు.

ఇక పాటలు. ఏళ్ల తరబడి ప్రెస్సుల మధ్య నిలబడి అన్న చెవులు దెబ్బతిన్నాయి. సన్నటి శబ్దాలేవీ వినపడేవి కావు. "సిన్మా పాటల పిల్లనగ్రోవి ఊదుతున్నరంటే నమ్ముకోవుడే," అనేవాడు. "గీ పాటలైతే చెవికి రాకున్నా కడుపుల ఇనొస్తయి." క్యాసెట్ల నుంచి సీడీలకు, సీడీల నుంచి ఫోనుకు మారాడు గానీ పాటలు మార్చలేదు. ఆ గోల ఇంట్లో వద్దని వదిన పోరుపెడితే, డాబా మీద కూర్చుని, అరచేయి స్పీకర్ మీద ఆనించి, కళ్లు మూసుకుని వినేవాడు. నాకు ఆ సంగీతం బొత్తిగా నచ్చలేదు. అంత సుఖంగా ఏదైనా వినగలిగే మనిషిని చూసి మాత్రం ఒళ్లు మండేది.

ఆ అరచేయి మీదా నాకు అసూయే. ప్రెస్సు తేడాగా పనిచేస్తోందంటే నేను గేజీలు, మైక్రోమీటర్లు పట్టుకుని పీసులు కొలుస్తుండేవాణ్ణి. ఆయన వచ్చి, మిషన్ ఫ్రేము మీద అరచేయి పెట్టి, కాసేపు ఆగి, "కింద ఎడమ బోల్టు లూజున్నది," అనేవాడు. అదే అయ్యుండేది.

ఒక సోమవారం దొరికాడు. ఎవరో సీబాస్ అనే చేపను పట్టిన వార్తను "సముద్రపు కొర్రమట్ట" అని రాశాడు. అందరి ముందూ గట్టిగా అన్నాను. "సముద్రంలో కొర్రమట్ట ఎక్కడిదన్నా? అది మా పండుగప్పకు చుట్టం." మొహం చిన్నబుచ్చుకుంటాడని ఎదురుచూశాను. ఆయన సంబరపడిపోయి సుద్ద తీసుకుని పైన రాశాడు: "సవరణ. కొర్రమట్ట కాదు, పండుగప్ప జాతి. చెప్పింది మన చీరాల తమ్ముడు." చదివినవాళ్లందరిదీ ఒకటే మాట, అన్న ఎంత మంచోడో అని. తప్పు పట్టింది నేను, పేరు ఆయనకు.

ఉద్యమం రోజుల్లో షాపులో నన్ను ఆటపట్టించేవాళ్లు. రాష్ట్రం వస్తే మీ సముద్రం మీరు మోసుకుపోతారా అని ఒకతను అడిగితే, అన్నే అందుకున్నాడు. "సముద్రం తమ్ముని దిక్కు పోతది, న్యూస్ మన దిక్కు ఉంటది. పంచాయితీ ఖతం." అందరితో పాటు నేనూ నవ్వాను. ఇంటికెళ్లాక, ఆ మాట నాకెందుకు తట్టలేదా అని కూర్చున్నాను.

మిషన్లన్నీ ఓవర్‌హాల్‌కు విప్పిన ఒక వారం షాపుకు సెలవిచ్చారు. "పద అన్నా, సముద్రం చూపిస్తాను," అన్నాను. ప్రేమతో పిలిచానని ఆయన అనుకున్నాడు. నా ఉద్దేశం వేరు. ఒక్కసారి అసలు సముద్రం ముందు నిలబడితే, ఇక ఆ బోర్డు కబుర్లు వాటంతటవే ఆగిపోతాయని నా లెక్క.

చీరాలలో దిగి నేరుగా ఒడ్డుకు వెళ్లాం. సరుగుడు తోట దాటగానే అన్న చెవుల్లోంచి ఇయర్‌ఫోన్స్ తీసేశాడు. కళ్లు మూసుకుని నిలబడ్డాడు. "తమ్మి, గిది ఇనొస్తుంది," అన్నాడు. మళ్లీ, "మొత్తం ఇనొస్తుంది," అన్నాడు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఆ చప్పుడు వింటున్నాను, ఒక్కనాడూ దానికోసం కళ్లు మూసుకుని నిలబడలేదు.

కాలువ సముద్రంలో కలిసే చోట కూర్చున్నాం. మా నాన్న వాడిన నైలాను తాడే ఇచ్చాను. ఎర గుచ్చడం, విసరడం, తాడు ఎంత బిగించాలి, ఎంత వదలాలి, అన్నీ గురువులా చెప్పాను. మొదటి రోజు ఇద్దరికీ ఏమీ పడలేదు. రెండో రోజు పొద్దున అన్న పాటలు పెట్టుకుని, తాడును చూపుడు వేలికి చుట్టుకున్నాడు.

"వేలికి చుట్టకూడదన్నా, కోసేస్తుంది. నీకే చెప్పాలా ఈ మాట?"

"ఏలుకు లేకుంటె నాకేం తెలుస్తది తమ్మి?"

"ఆ పాటలన్నా ఆపు."

"పాటకు ఏలు ఒగ తీరుగ ఆడతది, అలకు ఒగ తీరుగ. చేప తీరు నాకింక దొరకలే, జర ఆగు."

కాసేపటికి దొరికింది. నాకు ఏమీ కనిపించలేదు, తాడు కదిలినట్టు కూడా లేదు. ఆయన చేయి ఒక్కసారి వెనక్కి లాగాడు. తర్వాత చాలాసేపు ఇద్దరం ఇసుకలో వెనక్కీ ముందుకీ పరుగులు. బయటికొచ్చింది పండుగప్ప, నాలుగు కిలోల పైమాటే. నా జన్మలో అంత చేపను నేను పట్టలేదు. అన్న వేలికి రక్తం కారుతోంది, తువ్వాలు చుట్టుకుని నవ్వుతున్నాడు. నేనూ నవ్వాలనుకున్నాను. నా సముద్రం నన్ను కాదని ఆయనకు ఇచ్చింది.

"పట్టుకో తమ్మి, ఫొటో తీస్త," అన్నాడు. చేపను రెండు చేతులా ఎత్తి పట్టుకున్నాను.

సోమవారం ఎప్పటిలాగే చేతులు చాపి వరసలో నిలబడి, అది కాగానే బోర్డు దగ్గరకు వెళ్లాం. నెట్ కేఫ్‌లో ప్రింటు తీసిన ఆ ఫొటో అంటించి ఉంది. కింద అన్న అక్షరాలు: "చీరాల తీరంలో పెద్ద పండుగప్ప. పట్టింది మన షాపు తమ్ముడు." పక్కన నా పూర్తి పేరు. జనం నా వీపు తట్టారు. "మస్తు పట్టిన్రు సార్!" అన్నారు. అన్న వైపు చూశాను. ఆయన ప్రెస్సు ఫ్రేము మీద అరచేయి ఆనించి, నావైపు చూడకుండా పనిలో ఉన్నాడు. కాదు అనడానికి ఒక్క క్షణం చాలు. ఆ క్షణం దాటిపోయింది.

సాయంత్రం ఆయన ఒంటరిగా దొరికినప్పుడు అడిగాను. "అన్నా, అది నువ్వు పట్టింది కదా, ఎందుకిలా రాశావు?"

"న్యూస్ రాసేటోడు న్యూస్ల ఉండొద్దు," అన్నాడు. వెళ్లబోయి మళ్లీ ఆగాడు. "చేప ఒడ్డుకొచ్చినప్పుడు నేను చేపను జూడలే తమ్మి. నీ మొఖం జూసిన."

సిగ్గుతో చచ్చిపోవాలి కదా. చావలేదు. మర్నాటి నుంచి ఆ చేప నాదే అయింది. మధ్యాహ్నాలు డబ్బాల ముందు చెప్పాను, పెళ్లిళ్లలో చెప్పాను, ఒకసారి అన్న ఇంట్లోనే, వదిన వడ్డిస్తుంటే, వాళ్ల చుట్టాలకు చెప్పాను. తాడు వేలికి ఎప్పుడు చుట్టాలో కూడా చెప్పాను. అన్న పక్కనే కూర్చుని, మొదటిసారి వింటున్నట్టు తలూపాడు. ఆయన ఎక్కడో ఒకచోట బయటపెడతాడేమోనని భయపడుతూనే, బయటపెట్టనంత పెద్ద మనసున్నందుకు ఆయన మీద ఇంకా కుళ్లుకున్నాను. ఐదేళ్లు గడిచాయి.

అంత్యక్రియలైన మర్నాడు అందరికంటే ముందు షాపుకెళ్లాను. బోర్డు ఎవరూ తుడవలేదు. ఆయన రాసిన ఆఖరి వార్త: "ఇంగ్లండు తీరంలో గాలి మస్తుంది. ఈ వారం ఎవ్వరికి ఏం పడలే. అయినా అందరు వచ్చిన్రు." పైన జానెడు జాగా ఖాళీగా ఉంది. కింది చట్రంలో సగం సుద్దముక్క. తీసుకుని, ఎత్తు సరిపోక మునివేళ్ల మీద నిలబడి రాశాను: "సవరణ. చీరాల పండుగప్పను పట్టింది నేను కాదు, అన్న." నా అక్షరాలు ఆయన అక్షరాల పక్కన వంకరటింకరగా ఉన్నాయి. అక్కడా ఆయనదే పైచేయి.

నాకు ఫోన్ చేసిన ఆపరేటర్ నా వెనక నిలబడి చదువుతున్నాడు. తిట్టినా సరే అనుకున్నాను.

"గీ ముచ్చట మాకు అప్పుడే ఎర్క సార్," అన్నాడు.

"ఎలా తెలుసు?"

"పొద్దుగాల మొదలు చేతులే జూస్తం గద. ఆ సోమారం అన్న ఏలుకు పట్టీ ఉండె. మీయి సాఫ్‌గున్నయి."

"అందరికీ తెలుసా?"

"షాపంతటికి ఎర్కనే."

"మరి ఇన్నేళ్లూ ఒక్కరూ అనలేదే?"

"అన్న తప్పు రాస్తే అన్ననే దిద్దుతుండె. గిది దిద్దలే. ఇగ గట్లనే ఉండాలె గావచ్చు అనుకున్నం."

సైరన్ మోగింది. ఒక్కొక్కరూ వచ్చి, ఎవరూ చెప్పకుండానే వరస కట్టారు. ఎదురుగా నిలబడి చూసే మనిషి లేడు. అయినా అందరూ చేతులు చాపారు. నేనూ వరస చివర నిలబడి చాపాను. పదికి పది. నా చూపుడు వేలికి కాస్త సుద్ద అంటి ఉంది, అంతకు మించి ఒక్క గీత లేదు.