పాటకు ఊరు అడిగిన తాత

మంగళవారం. పొద్దున ఆరింటికి మా వాట్సాప్ గ్రూపులో ఆపరేటరు తాత నంబరు నుంచి అక్షరాలు వచ్చాయి. ఆయన ఎప్పుడూ టైపు చేయరు, గొంతే పంపిస్తారు. అందుకే చదవకముందే నాకు భయం వేసింది. "నాన్న తెల్లారుజామున పోయినారు. కూతురు." అంతే ఉంది. రోజూ ఆ సమయానికి రావలసిన పాట రాలేదు.

మాది పాత సినిమాలూ పాటలూ అంటే పిచ్చి ఉన్నవాళ్ళ గ్రూపు. మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు వాళ్ళం. ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు, గొంతులే తెలుసు. తాతది పుంగనూరు. వయసులో ఉన్నప్పుడు పెద్దపంజాణి చుట్టుపక్కల టెంటు సినిమాల్లో ప్రొజెక్టరు నడిపారు. నేను మదనపల్లెలో డిగ్రీ చదువుతున్నాను. గ్రూపులో అందరికంటే చిన్నదాన్ని.

రోజూ ఆరింటికి ఆయన టేపురికార్డరు పక్కన ఫోను పెట్టి, పాట ఎత్తుకోకముందు వచ్చే సంగీతం కొంచెం వినిపించేవారు. అదేం పాటో మేము చెప్పాలి. పేరు చెబితే సగమే గెలిచినట్టు. దాన్ని మొదట ఎక్కడ విన్నామో కూడా చెప్పాలి. "పేరుదేముండాది, ఫోనుకు గూడా తెలుసు. యాడ ఇన్నావో అది నీకే తెలుసు," అనేవారు. ఆ మాట నోటుబుక్కులో రాసుకున్నాను. మాటలు పోగేసుకునే అలవాటు నాకు అక్కడే మొదలైంది.

కుప్పం టైలరన్న ఒకసారి, "మా మామ పెండ్లి పందిట్లో ఇన్న్యా తాతా. ఆ పొద్దు పొంగలి మాడిపోయింది," అన్నాడు. "పాట ఇంటా మాడబెట్టినోడివి నువ్వే గదప్పా!" అని తాత నవ్వు. ఆ నవ్వు చివర ఎప్పుడూ దగ్గు వచ్చేది.

నేను ఒకరోజు మోసం చేశాను. ఎంత విన్నా పాట తెలియలేదు. గెలవాలని ఆశ. ఫోనుకే వినిపించి పేరు కనుక్కుని చెప్పేశాను. "సరే, యాడ ఇన్నావమ్మా?" అని అడిగారు. నోటికొచ్చింది చెప్పాను. "రామకుప్పంలో మా అవ్వ సంగటి కెలకతా ఉంటే రేడియోలో వచ్చింది తాతా." మా అమ్మ పుట్టిల్లు రామకుప్పమే. కానీ అవ్వ నేను పుట్టకముందే పోయింది.

కాసేపటికి తాత గొంతు వచ్చింది. "శానా బాగుండాదమ్మా. నాకు సంగటి వాసన గూడా తగిలింది."

ఆనాటి నుంచి అవ్వను గురించి అడగడం మానలేదు. "మీ అవ్వ బాగుండాదా? ఆడ ఏనుగులు చేన్ల మీద పడినాయంట, భద్రంగా ఉండమని సెప్పు." నేను బాగుంది తాతా అనేదాన్ని. నిజం చెప్పేద్దామని ఎన్నోసార్లు మైకు బొమ్మ నొక్కి వదిలేశాను. పరీక్షలయ్యాక చెబుదాంలే అనుకున్నాను.

సోమవారం ఆయన టేపురికార్డరు పెట్టలేదు. తానే ఈల వేసి పంపారు. అదేం పాటో ఎవరికీ అందలేదు. "ఏందప్పా, అందురూ ఓడిపోయినారా! రేపు ఆరింటికి నేనే సెప్తాలే," అన్నారు. మేము విన్న చివరి మాట అదే.

మంగళవారం మధ్యాహ్నం కొందరం పుంగనూరు వెళ్ళాం. వాకిట్లో ఒక సన్నటి మనిషి, "నీళ్ళు యాడుండాయమ్మా?" అని అడిగాడు. ఆ గొంతు తెలిసింది.

"టైలరన్నా! ఇంత సన్నగా ఉంటావా?"

"గొంతు లావుగా ఉంటే మడిసి గూడా లావుగా ఉండల్లనా?" అన్నాడు. ఇద్దరం నవ్వబోయి తల దించుకున్నాం.

అంతా అయ్యాక సాయంత్రం అరుగు మీద కూర్చున్నాం. అన్న ఫోనులో ఆ ఈల పెట్టాడు. మూడోసారి పెట్టినప్పుడు లోపలి నుంచి అవ్వ, తాత భార్య, గోడ పట్టుకుంటూ వచ్చింది.

"అది యే సినిమాలోనూ లేదప్పా. రీలు తెగితే అతికించేటప్పుడు ఆయప్ప ఏసే ఈల. టెంటు నిండా జనం అరస్తా తిడతా ఉంటారు గదా, సేతులు వణక్కుండా ఉండేదానికి ఏసుకుంటాండె."

"నువ్వు యాడ ఇన్నావవ్వా?" అన్నాడు అన్న, అలవాటుగా.

"టెంటు బయట మాయమ్మ బొరుగులు అమ్ముతాండె. నేను పక్కన కూసోనుంటి. ఆడే ఇన్న్యా." కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆటలో పూర్తిగా గెలిచింది ఆమే.

తర్వాత నా వైపు చూసింది. "మదనపల్లె పాపవు నువ్వేనా? మీ రామకుప్పం అవ్వ బాగుండాదా? ఒగ సారి పోయి సూసొద్దామని ఆయప్పకు శానా ఆశ."

నేను తల ఊపాను. మళ్ళీ అదే అబద్ధం, ఈసారి మాట కూడా లేకుండా. తిరుగు బస్సులో కిటికీకి తల ఆనించి కూర్చున్నాను.

ఇవాళ గురువారం. రెండు రోజులుగా ఆరింటికి అందరమూ గ్రూపు తెరిచి కూర్చుంటున్నాం, ఎవరమూ మాట్లాడటం లేదు. పుస్తకం ముందు పెట్టుకున్నా ఒక్క పేజీ కూడా తిరగడం లేదు. సాయంత్రం తాత కూతురికి ఫోను చేశాను. తాత ఫోను అవ్వ దగ్గరే ఉందట. ఆరు కొట్టగానే చెవి దగ్గర పెట్టుకుని కాసేపు అలాగే కూర్చుంటోందట.

అలారం ఐదున్నరకు పెట్టాను. నాకు ఈల సరిగా రాదు, వచ్చినంత వేసి రేపు ఆరింటికి పంపుతాను. ఎక్కడ విన్నానో కూడా చెబుతాను: పుంగనూరులో, తాత ఇంటి అరుగు మీద. ఆ తర్వాత మైకు వదలకుండా, రామకుప్పంలో మా అవ్వ లేదని అవ్వకు చెబుతాను.