తీతువుకు కాపలా కాసిన మా సారు

మా సారు పోయారన్న సంగతి నాకు ఫోటోగ్రాఫర్ల గ్రూపు ద్వారా తెలిసింది. పోయిన మంగళవారం ఆఫీసు బస్సులో కూర్చుని ఫోన్ తెరిస్తే ఎర్రెర్రని సూర్యాస్తమయం. దాని మీద "ప్రకృతి ప్రేమికునికి నివాళి" అని రాసి, కింద సారు పేరు వేశారు. మూలన మాత్రం ఆ ఫోటో తీసిన అడ్మిన్ సంతకం, నివాళి కంటే పెద్ద అక్షరాల్లో. ఆ కింద ఒకాయన "అద్భుతమైన రంగులండీ, ఏ లెన్స్ వాడారు?" అని అడిగాడు. అడ్మిన్ జవాబు కూడా ఇచ్చాడు. మనిషి పోయిన కబురు కింద లెన్సుల చర్చ సాగిపోయింది. గుండెపోటు అని ఆఫీసుకు చేరాక గానీ నాకు తెలియలేదు.

మాదాపూర్‌లోని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఆయన నా టీమ్ లీడ్. ఆయనది కడప జిల్లా, నాది సిద్దిపేట. తెలంగాణ ఉద్యమం వేడి మీదున్న రోజుల్లో మా ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టారు. గొడవ ఎప్పుడవుతుందా అని చుట్టుపక్కలవాళ్లు ఆశగా చూశారు. నేను ర్యాలీకి వెళ్లాలని సెలవు అడిగితే ఆయన తల ఎత్తకుండానే, "పోమ్మా. రాష్ట్రం వస్తుందో రాదో నాకు తెలీదు గానీ, నువ్వు లేకుంటే ఈ కోడ్ మాత్రం ఈ రోజు బయటికి రాదు" అన్నారు. మర్నాడు వచ్చి చూస్తే నా పని కూడా ఆయనే చేసి పెట్టారు. రాష్ట్రం విడిపోవడం ఆయనకు ఇష్టం లేదు. ఆ మాట నా ముఖం మీదే చెప్పారు, నా వెనక ఎవరితోనూ అనలేదు.

ఆదివారాలు కెమెరాతో ఖాజాగూడ చెరువుకు వెళ్లేవారు. నన్నూ రమ్మన్నారు. ఆ గ్రూపు నాకు అక్కడే పరిచయమైంది. ఫిరంగుల్లాంటి లెన్సులు కొనుక్కుని కొంగల మీదికి పరిగెత్తే మహానుభావులు వాళ్లు. కప్ప మీద నీళ్లు చల్లి తొలకరి అనేవాళ్లు. ఆకాశానికి లేని రంగులు కంప్యూటర్లో పూసి, దేవుడి సృష్టి అని దండం పెట్టేవాళ్లు. బందు రోజున ఊరంతా ఉడికిపోతుంటే, దుమ్ము లేదు, వెలుగు బ్రహ్మాండంగా ఉందని సంబరపడేవాళ్లు. ఎవరు ఏ ఫోటో చూపించినా సారు అడిగేది ఒక్కటే: "పిట్టనడిగినావా?" అది హాస్యమనుకుని నవ్వేవాళ్లు.

నెలకోసారి మణికొండలో ఒక అపార్ట్‌మెంటు హాల్లో చేరి, ఫోటోలు గోడ మీద వేసి చర్చించుకునేవాళ్లం. ఒకసారి అడ్మిన్ ఫోటో వేశారు. పచ్చటి గడ్డిలో తీతువు గుడ్లు. చప్పట్లు మోగాయి. తీతువు గులకరాళ్ల మధ్య, రాళ్లలో కలిసిపోయేలా గుడ్లు పెడుతుంది. ఆ గుడ్లను అంతకుముందు వారమే సారూ నేనూ దూరం నుంచి చూశాం.

సారు లేచారు. "గులకల్లో ఉండే గుడ్లు గడ్డిలోకి ఎట్ల నడిచొచ్చినాయప్పా?"

అడ్మిన్ నవ్వాడు. "ఎనక సీన్ మంచిగ లేకుండె సార్. జర జరిపిన. మళ్ల ఆడనే పెట్టిన."

"తల్లి మళ్లీ వచ్చిందా?"

"గుడ్లకు గింత పరేషాన్ ఏంది సార్?"

"రాలేదు. పొద్దున పోయి చూసినా. చీమలు పట్టినాయి. తీసెయ్ ఆ ఫోటో."

"వదిలేయండి సార్, కళ కదండీ" అని ఎవరో సర్దబోయారు. అడ్మిన్ ముఖం ఎర్రబడింది. "మా చెరువు, మా పిట్టలు. కడప నుంచి వచ్చి మాకు చెప్పుడేంది?"

ఈ మనిషి ఒక్క ర్యాలీలో కనిపించలేదు. గ్రూపులో ఎవరైనా ఉద్యమం ఊసెత్తితే, రాజకీయాలొద్దని చెరిపేసేవాడు. జనం లాఠీదెబ్బలు తిని నిలబెట్టిన మాటను, తన చేతివాటం దాచుకోవడానికి గొడుగులా పట్టుకున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. "తెలంగాణ మీద గంత ప్రేమ ఉంటే మొన్న ర్యాలీకి ఎందుకు రాలే అన్నా? గుడ్లు జరుపనీకి పోయినవా?" అన్నాను. అక్కడికక్కడే ఓటుకు చేతులెత్తించి సారును గ్రూపులోంచి తీసేశారు. నన్ను తీసేయడం మాత్రం మరిచిపోయారు. ఆ మాత్రం పని కూడా వాళ్లకు సరిగా చేతకాదు.

తర్వాతి ఆదివారం నుంచి సారు పిట్టలను వదిలేసి వాళ్లను ఫోటోలు తీశారు. బురదలో బోర్లా పడి పైకి లేపిన పిరుదులు, ఒకరి డొక్కలో ఇంకొకరి మోచేయి, గూటికి అడ్డమొచ్చిన కొమ్మను విరుస్తున్న చేయి. వాటిని పెద్ద ప్రింట్లు వేయించి ఆఫీసు క్యాంటీన్ గోడకు అతికించి, పైన "శేరిలింగంపల్లి వన్యప్రాణులు" అని రాశారు. ఆ ప్రాణుల్లో సగం మా కంపెనీవే. మధ్యాహ్నం ప్లేట్లతో వచ్చి తమను తాము చూసుకున్నాయి. పైవాళ్లు పిలిచి తీసేయమంటే తీసేశారు.

"చూడాల్సినోళ్లు చూసినారు లేమ్మా" అన్నారు నాతో.

అప్పటి నుంచి గట్టు మీద సారు కనిపిస్తే చాలు, వాళ్లు లెన్సులు సర్దుకుని వెనక్కి తిరిగేవాళ్లు. తీతువు మళ్లీ గుడ్లు పెట్టింది. రోజూ ఆఫీసుకు ముందు సారు వెళ్లి, దానికి దూరంగా కాపలా నిలబడ్డారు.

ఒక బందు రోజు పొద్దున్నే ఫోన్ చేశారు. "బిరీన రామ్మా. గుడ్లు పగిలి పిల్లలొచ్చినాయి."

నేను వెళ్లేసరికి తీతువు రోడ్డు అంచున నిలబడి అరుస్తోంది. చెరువేమో రోడ్డుకు అవతలి వైపు ఉంది. దాని వెనక దూది ఉండలకు కాళ్లు మొలిచినట్టు పిల్లలు. సరిగ్గా అప్పుడే మలుపు తిరిగి మోటారు సైకిళ్ల ర్యాలీ వచ్చింది. జెండాలు, నినాదాలు. సారు రోడ్డు మధ్యకు నడిచి రెండు చేతులూ చాచి నిలబడ్డారు.

ముందు బండి మీదున్న నాయకుడు బ్రేకు వేశాడు. "ఏంది సార్, ర్యాలీని ఆపుతున్నవ్?"

"పిల్లోళ్లు దాటుకుంటాండారు నాయనా. రవ్వంత ఆగండి."

ఆ యాస ఎక్కడిదో అతనికి అర్థమైంది. సారు ముఖం చూశాడు. రోడ్డు అంచు చూశాడు. వెనక్కి తిరిగి చేయెత్తాడు. "బండ్లు బంద్ చేయుండ్రి! జర సప్పుడు చేయకుండ్రి!"

ఇంజన్లు ఒక్కొక్కటిగా ఆగాయి. నినాదాలు ఆగాయి. జెండాలు గాలికి కొట్టుకుంటున్న చప్పుడు మాత్రం మిగిలింది. తల్లి ముందు, పిల్లలు వెనక, ఆ చక్రాల ముందు నుంచి దాటసాగాయి. చివరి పిల్ల నడిరోడ్డులో ఆగి, సారు నీడలో చతికిలబడింది. ఆయన చేతులు దించలేదు. అది లేచే వరకు ర్యాలీ మొత్తం ఊపిరి బిగబట్టి నిలబడింది.