నాలుగో బ్యాటరీ

ఆయన్ని అందరూ మీటరు మేస్త్రి అనేవారు. మోటార్లు చుట్టడంతో మొదలుపెట్టి, ఇళ్ళ వైరింగులు చేసి, మోకాళ్ళు నిచ్చెన ఎక్కలేమని మొరాయించాక ఈ షెడ్డులో చేరాడు. రాళ్ళదారిలో జనాన్ని కొండ మీదికి తీసుకెళ్ళే కరెంటు బగ్గీలు ఆరు ఉండేవి అక్కడ. తీగలో కరెంటు ఉందో లేదో మీటరు పెట్టి చూస్తేగాని నమ్మడు. "మా బావగారు కంచానికి కూడా మీటరు పెట్టి చూసుకుని గాని ముద్ద ఎత్తరు" అని వేళాకోళం చేసేది మరదలు, అంటే ఆయన తమ్ముడి భార్య.

ఆ తమ్ముడు పోయి ఏడు నెలలైంది. తమ్ముడు నడిపిన రెండో నంబరు బగ్గీనే ఇప్పుడు ఆమె నడుపుతోంది. వంటిల్లు తప్ప ఎరగని మనిషి, ఇద్దరు పిల్లల్ని చూసుకోవాలి గనక స్టీరింగు పట్టుకుంది. ఆమెతో పాటే ఆ ఇల్లు కూడా వేళాకోళం మానేసింది.

ఆ రోజు రెండో ట్రిప్పులో బగ్గీ ఎత్తు ఎక్కుతూ మధ్యలో ఆగిపోయింది. నెలలో ఇది మూడోసారి. ఎక్కినవాళ్ళు దిగి, తిట్టుకుంటూ నడిచి వచ్చారు. బగ్గీని తాడు కట్టి లాక్కొచ్చారు.

"ఏమ్మా, చార్జరు గుచ్చడం కూడా పనేనా?" అన్నాడు సూపర్‌వైజరు. "పోనీలే అని రెండుసార్లు ఊరుకున్నాను. రేపటి నుంచి రానక్కర్లేదు."

"నేనే మర్చిపోయుంటానండి. ఈమధ్య పాలు పొయ్యి మీద పెట్టి కూడా మర్చిపోతున్నాను" అందామె. తాళంచెవి బల్ల మీద పెట్టి, సంచీ తెచ్చుకోవడానికి లోపలికి వెళ్ళింది.

మేస్త్రి మొదటి రెండుసార్లూ అదే అనుకున్నాడు. పాపం, మనసు మనసులో లేదు, మర్చిపోయి ఉంటుంది అని. ఇప్పుడు మాత్రం ఎందుకో సీటు ఎత్తాడు. మీటరు తీశాడు. మొదటి బ్యాటరీ పన్నెండున్నర వోల్టులు. రెండోది అంతే. మూడోదీ అంతే. నాలుగోది తొమ్మిదే.

ఆ నాలుగోదాని నుంచే రెండు సన్నటి తీగలు ముందున్న లైట్ల దాకా పోతున్నాయి. వాటికి టేపు చుట్టిన తీరు చూస్తే అది తన చెయ్యేనని ఇంకొకరు చెప్పక్కర్లేదు.

పన్నెండు వోల్టుల లైట్లవి. బగ్గీలో పన్నెండేసి వోల్టుల బ్యాటరీలు నాలుగు గొలుసుగా కలిసి నలభై ఎనిమిది ఇస్తాయి. దాన్ని లైట్లకు సరిపడా దించడానికి కన్వర్టరని ఒక డబ్బా పెట్టాలి. తమ్ముడు పోయిన మూడో వారం ఆ డబ్బా పాడైంది, షెడ్డులో ఇంకోటి లేదు. మరదలు మర్నాటి నుంచి బండి ఎక్కుతుంది, పొద్దుటి మంచులో దారి కనపడాలి. నిద్ర లేని కళ్ళతో చివరి బ్యాటరీ ఒక్కదాని నుంచే లైట్లకు తీగ లాగాడు. లైట్లు భేషుగ్గా వెలిగాయి. డబ్బా రాగానే మారుద్దాంలే అనుకున్నాడు. మళ్ళీ ఆ సంగతే గుర్తు రాలేదు. నలుగురు మోసే బరువులో ఒకడి నెత్తిన ఇంకో మూట పెట్టినట్టు, ఆ ఒక్క బ్యాటరీ రోజూ ఎక్కువ ఖర్చవుతూ, ఎంత చార్జి పెట్టినా నిండక, చచ్చి ఊరుకుంది.

సీటు దించేస్తే ఎవరికీ తెలియదు. ఎత్తిన సీటు అలాగే వదిలేశాడు. తర్వాత సూపర్‌వైజరు దగ్గరికి నడిచాడు.

"సార్, ఆ పిల్ల తప్పు కాదు. లైట్ల తీగ నేను తప్పు కలిపాను. బ్యాటరీ చచ్చిపోయింది."

"సరే, కొత్తదొకటి వేసెయ్."

"పాతవాటి మధ్య కొత్తదొక్కటి నిలవదు సార్. నాలుగూ మార్చాలి."

"నాలుగా!" సూపర్‌వైజరు కుర్చీలోంచి లేచాడు. "ఇంత మేస్త్రివి, నువ్వా ఈ పని చేసింది?"

"నేనే. పంపిస్తే నన్ను పంపండి."

"నిన్ను పంపిస్తే నువ్వు కలిపిన తీగలు ఎవడు విప్పుతాడయ్యా? మిగతా అయిదు బళ్ళూ సాయంత్రంలోగా చూడు. ఆవిణ్ణి రేపు రమ్మను. ముందు నా కళ్ళెదుట నుంచి పో."

మరదలు సంచీ పట్టుకుని గుమ్మంలోనే నిలబడి ఉంది. అంతా వింది. మేస్త్రి తల ఎత్తలేదు.

"నాకు మతి పోతోందనుకున్నాను బావగారూ" అంది నెమ్మదిగా. "తాళం వేశానా, పొయ్యి ఆర్పానా అని సగం దారి నుంచి ఇంటికి పరిగెత్తాను. పిల్లలకి కూడా చెప్పాను, అమ్మ మాట నమ్మకండి, మీరే ఒకసారి చూసుకోండి అని. మొదటిసారే ఆ మీటరు పెడితే మీ సొమ్మేం పోయింది?"

ఆయన బగ్గీ మెట్టు మీద కూర్చుని మీటరు పక్కన పెట్టాడు.

ఆమె అక్కణ్ణుంచి కదల్లేదు. "అయితే నేను చార్జింగు పెట్టానన్నమాట."

"పెట్టావమ్మా. రోజూ పెట్టావు."

"రోజూనా?"

"రోజూ."

ఆమె సంచీ కింద పెట్టి, గోడవైపు తిరిగి నిలబడింది. కాసేపటికి మళ్ళీ అదే అడిగింది. ఆయన మళ్ళీ అదే చెప్పాడు.