అల్లుడికి రెక్కలు మొలిచిన వైనం

ఆ పరిశోధన డాక్టరు గారికి ఒకటే జబ్బు. ఏ పోలికతో మాట మొదలుపెడతారో, చచ్చినా దానితో ముగించరు.

రక్తం తీయడానికి కొత్తగా చేరిన నర్సు, "మనం రక్తంలో ఏం వెతుకుతున్నామండీ?" అని అడిగింది పాపం.

"మేస్త్రీల్నమ్మా! ఎముక మూలుగలో పుట్టి, రక్తంలో తిరుగుతూ, చిరిగిన రక్తనాళాలకి అతుకులేస్తారు."

"చిరిగితే దర్జీ కదండీ?"

"దర్జీయే. కాకపోతే గరిట పట్టుకుంటాడు."

ఆమెకు బుర్ర తిరిగిపోయింది.

ఓ రోజు భారీ మనిషి, వడ్రంగి ఒకతను వచ్చాడు. చిన్నప్పటినుంచీ షుగరు, ఇన్సులిన్ తయారుచేసే కణాల్ని ఒంట్లోని కాపలా కణాలే శత్రువులనుకుని మట్టుబెట్టే రకం. కాలి పుండు ఎంతకీ మానడం లేదు. రోజూ తన తొడకు తనే సూది పొడుచుకునే మనిషి, పరాయి చేతిలో సూది కనబడితే మాత్రం పరుగే! ఇదివరకే రెండుసార్లు ఉడాయించాడు.

డాక్టరు గారు పక్కనే కుర్చీ లాక్కున్నారు. "నీ ఒంట్లో మేస్త్రీలు తగ్గారయ్యా. ఉన్నవాళ్ళూ అత్తారింట్లో అల్లుళ్ళలా మంచం దిగడం లేదు."

"మేస్త్రీలా, అల్లుళ్ళా?"

"అల్లుళ్ళే. రెక్కలుంటాయి."

"అల్లుడికి రెక్కలేంటండీ!"

"మరి తేనెపట్టు ఎలా కడతాడు?"

వడ్రంగి కళ్ళు మూసుకుని నుదురు రుద్దుకున్నాడు. నర్సు కూడా సూది పట్టుకుని, నోరు తెరిచి వింటోంది. డాక్టరు గారు కనుసైగ చేశారు. ఉలిక్కిపడి సూది గుచ్చింది. గొట్టం నిండింది.

"అయిపోయింది అన్నయ్యా."

"ఏదీ, ఇంకా తేనె దగ్గరే ఉన్నాం కదా?"

ఆ మధ్యాహ్నం పెద్ద డాక్టర్ల సమావేశంలో ఆయన నోట ఒక్క పోలికా రాలేదు. "రక్తనాళాలను నిర్మించే ఆదికణాలు ఈ వ్యాధిలో తగ్గుతాయి, మందగిస్తాయి. అందుకే గాయాలు మానడం కష్టం. వాటిని మళ్ళీ పనిలోకి దింపడమెలాగన్నదే మన ప్రశ్న" అన్నారు, అరటిపండు ఒలిచిపెట్టినట్టు.

అక్కడే కాగితాలు అందిస్తున్న నర్సు తెల్లబోయింది. బయటికి రాగానే అడిగింది. "ఇంత చక్కగా చెప్పగలరు కదండీ, మరి ఆ వడ్రంగికెందుకలా చెప్పారు?"

"భయపడే బుర్రకి ఏదో ఒక పని చెప్పాలమ్మా. చిక్కు విప్పుకునేవాడికి సూది కనబడదు."

మర్నాడు ఓ పెద్దావిడ సూదివైపే చూస్తూ భయంభయంగా చెయ్యి చాపింది. డాక్టరు గారు ఇంకా రాలేదు. నర్సు గొంతు సవరించుకుంది.

"మామ్మగారూ, మీ రక్తంలో పడవవాళ్ళుంటారు. కానీ వాళ్ళకి నీళ్ళంటే పడదు."

"నీళ్ళు పడకపోతే పడవెందుకెక్కారే?"

"గుర్రాన్ని వెతకడానికి."

"నదిలో గుర్రమా?" అంటూ మామ్మగారు ఆలోచనలో పడేసరికి, దూది పెట్టడం కూడా అయిపోయింది.